ఐక్లర్ కాలనీకి డిజైన్ గైడ్‌లైన్స్ రాయాలంటే: ముందు టేపు, తర్వాతే పెన్ను

సన్నీవేల్‌లోనో పాలో ఆల్టోలోనో ఐక్లర్ ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఆ ఇంటి తీరు విడమరచి చెప్పక్కర్లేదు. వీధివైపు కిటికీలు దాదాపు ఉండవు. ఏట్రియం ఉన్న నమూనాల్లో వాకిలి తలుపు తీయగానే నెత్తిమీద ఆకాశం కనిపిస్తుంది, మన మండువా లోగిలి గుర్తొస్తుంది. పెరటివైపు గోడకు బదులు నేల నుంచి కప్పుదాకా అద్దమే. జోసెఫ్ ఐక్లర్ కంపెనీ 1940ల చివరి నుంచి 1960ల మధ్యదాకా కాలిఫోర్నియాలో ఇలాంటి ఇళ్లు సుమారు 11,000 కట్టింది. పక్కవాళ్లు పైన ఒక అంతస్తు వేస్తే చాలు, మీ పడగ్గది అద్దం వాళ్ల కిటికీలోంచి కనిపిస్తుంది. మామూలుగా అలాంటి ఇల్లు ఒకటి లేచాకే కాలనీవాళ్లు మీటింగు పెట్టుకుని హిస్టారిక్ డిస్ట్రిక్ట్ మాట ఎత్తుతారు. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా కాదు, ఒక కాలనీ లేదా కొన్ని వీధులు. ఆ మీటింగులో గైడ్‌లైన్స్ రాసే పని నెత్తికెత్తుకున్నవాళ్ల కోసం ఇది.

ఏ రక్షణ కోసం రాస్తున్నారు?

నేషనల్ రిజిస్టర్‌కెక్కితే (అది చారిత్రక స్థలాల ఫెడరల్ జాబితా) ఇక ఎవరూ ఇల్లు కూల్చలేరన్నది చాలామందికున్న భ్రమ. ఫెడరల్ నిధులూ అనుమతులూ అక్కర్లేకుండా సొంత డబ్బుతో చేసుకునే పనిని ఆ జాబితా ఆపదు. ఆపగలిగేది నగరమో కౌంటీయో చేసే స్థానిక ఆర్డినెన్స్ మాత్రమే. వర్జీనియాలో చార్లెస్ గుడ్‌మన్ డిజైన్ చేసిన హాలిన్ హిల్స్ కాలనీ 2013లో నేషనల్ రిజిస్టర్‌లో చేరింది. అయినా ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ 2022లో దాన్ని స్థానిక ఓవర్‌లే డిస్ట్రిక్ట్‌గా (మామూలు నిర్మాణ నిబంధనల మీద అదనపు నిబంధనలున్న ప్రాంతంగా) చేశాకే కౌంటీ రివ్యూ తప్పనిసరి అయింది. లాస్ ఏంజెలెస్‌లో గ్రెగరీ ఏన్ గీసిన 52 ఇళ్ల మార్ విస్టా ట్రాక్టుకు (ట్రాక్టు అంటే ఒకే బిల్డరు కట్టిన కాలనీ) నగర స్థాయి రక్షణ 2003లో దొరికింది. పాలో ఆల్టోలో గ్రీన్ గేబుల్స్, గ్రీన్‌మెడో అనే ఐక్లర్ కాలనీలు 2005లో నేషనల్ రిజిస్టర్‌కెక్కాయి. 2018లో ఆ నగరం ఐక్లర్ గైడ్‌లైన్స్ కూడా తెచ్చింది గానీ అవి చాలావరకు ఐచ్ఛికం.

కాబట్టి మొదటి మీటింగులోనే తేల్చుకోండి: మీ గైడ్‌లైన్స్ సలహాలా, నిబంధనలా? సలహాలైతే భాష ఒకలా ఉంటుంది, పర్మిట్ ఆపే నిబంధనలైతే ఇంకోలా ఉండాలి. రెండూ కలిపి రాస్తే నగర పరిరక్షణ కమిషన్ ముందు మొదటి అప్పీలుకే కూలిపోతాయి.

డబ్బు సంగతి ఇక్కడే అడుగుతారు. కాలిఫోర్నియాలో మిల్స్ యాక్ట్ కింద నగరంతో కనీసం 10 ఏళ్ల ఒప్పందం చేసుకుంటే ఆస్తి పన్ను తగ్గవచ్చు. అయితే మీ నగరంలో ఆ పథకం ఉండాలి. పైగా లాభం అందరికీ ఒకేలా రాదు. ఆస్తి పన్నును కొన్నప్పటి విలువకు ముడిపెట్టిన ప్రపొజిషన్ 13 వల్ల 1980లలో కొన్నవాళ్ల పన్ను ఇప్పటికే తక్కువ, వాళ్లకు మిగిలేది ఏమీ ఉండకపోవచ్చు. ఈమధ్య కొన్నవాళ్లకే అసలు ఉపశమనం. అందరికీ పన్ను తగ్గుతుందని ప్రచారం చేసి సంతకాలు సేకరిస్తే, ఆ మాట తప్పని తేలిన రోజున పాత కాపురాలన్నీ ఎదురు తిరుగుతాయి. నేషనల్ రిజిస్టర్ విషయంలో సగానికి మించి ప్రైవేటు యజమానులు లిఖితపూర్వకంగా అభ్యంతరం చెబితే నమోదు ఆగిపోతుందని గుర్తుంచుకోండి.

సర్వే

ఇంటింటి సర్వే లేకుండా రాసిన గైడ్‌లైన్స్ అంటే వేరే ఊరివి తెచ్చి పేరు మార్చినవే. విక్టోరియన్ కాలనీల పత్రాలు నమూనాగా తీసుకున్నవాళ్లు వరండాల గురించీ, కార్నిస్‌ల గురించీ పేజీలకు పేజీలు రాస్తారు. అవేవీ ఈ ఇళ్లకు లేవు. ఉన్నవేమో పత్రంలో కనిపించవు.

కౌంటీ రికార్డుల్లో ట్రాక్టు మ్యాపు, నగరంలో పర్మిట్లు తీయండి. ఐక్లర్ ఆర్కిటెక్టుల్లో క్లాడ్ ఓక్లండ్ డ్రాయింగులు యూసీ బర్క్లీ ఎన్విరాన్‌మెంటల్ డిజైన్ ఆర్కైవ్స్‌లో, ఎ. క్విన్సీ జోన్స్ కాగితాలు యూసీఎల్ఏలో ఉన్నాయి. మీ ట్రాక్టులో ఎన్ని నమూనాలున్నాయో, ఏ ఇల్లు ఏదో పట్టిక వేసుకోండి.

తర్వాత వీధిలోకి దిగండి. 300 ఇళ్లకు ఇద్దరేసి చొప్పున నాలుగు జట్లు చాలు. ఒక్కో ఇంటికి 10 నిమిషాలు పట్టినా జట్టుకు పన్నెండున్నర గంటలు, అంటే రెండు వారాంతాల పని. 25 అడుగుల టేపు, డిజిటల్ లెవెల్, ఒకే నమూనా ఫారం పట్టుకెళ్లండి. ఫొటోలు ఫుట్‌పాత్ మీద నుంచే తీయండి, లోపలికి వెళ్లాలంటే యజమానిని అడగండి. కొలవాల్సినవి ఇవి: కప్పు వాలు, చూరు గోడ దాటి ఎంత ముందుకొచ్చింది, ఫేషియా (చూరు అంచు చెక్క) బోర్డు మందం, బయటికి పొడుచుకొచ్చిన దూలాల పొడవు, వాటి మధ్య దూరం, సైడింగ్‌లో (బయటి గోడ చెక్క తొడుగులో) నిలువు గాడుల వెడల్పు, గాడికీ గాడికీ మధ్య దూరం, వీధి నుంచి ఇల్లు ఎన్ని అడుగుల వెనక ఉంది, గరాజ్ ద్వారం వెడల్పు, ముందు కంచె ఎత్తు.

కంట్రిబ్యూటింగ్ (డిస్ట్రిక్ట్ చారిత్రక రూపాన్ని నిలుపుకున్న ఇళ్లు), నాన్-కంట్రిబ్యూటింగ్ (మారిపోయినవి, తర్వాత వచ్చినవి) విభజనలో పట్టింపుకు పోవద్దు. రంగు, గరాజ్ తలుపు, దీపం, తోట మారినంత మాత్రాన ఇంటిని జాబితాలోంచి తీసేయకండి, అవి మళ్లీ వెనక్కి తేగలిగినవే. కప్పు ఆకారం మారితే, వీధివైపు గోడలో పెద్ద కిటికీలు తెరిస్తే, అప్పుడు ఆలోచించండి. ప్రాధాన్య కాలాన్ని, అంటే ఏ ఏళ్ల కట్టడాలు చారిత్రకమో చెప్పే కాలాన్ని, ట్రాక్టులో మొదటి ఇల్లు పూర్తయిన ఏడాది నుంచి చివరిది పూర్తయిన ఏడాది వరకే పెట్టండి. ఇప్పటిదాకా సాగదీస్తే 1990ల చేర్పులు కూడా చారిత్రకమై కూర్చుంటాయి.

చరిత్ర భాగంలో కట్టడంతో పాటు ఎవరికి అమ్మారో కూడా రాయండి. నల్లజాతి వాళ్లకు, ఆసియా వాళ్లకు ఇల్లు అమ్మకూడదని దస్తావేజుల్లో రాసుకున్న కాలనీలు ఆ కాలంలో అమెరికా నిండా ఉండేవి. ఐక్లర్ ఆ వివక్ష లేకుండా అమ్మాడు, ఆ విషయంలోనే బిల్డర్ల జాతీయ సంఘానికి 1958లో రాజీనామా ఇచ్చాడు. ఈ కాలనీల ప్రాముఖ్యంలో ఇది పెద్ద భాగం. మీ ట్రాక్టు వేరే బిల్డరుదైతే పాత దస్తావేజులు చదివి, అందులో ఏముంటే అది ఉన్నదున్నట్టు రాయండి.

నిబంధన రాసే పద్ధతి

"కొత్త పని పరిసరాలకు అనుగుణంగా ఉండాలి" అనే వాక్యంతో ఎవరికీ ఉపయోగం లేదు. ఇద్దరు చదివితే రెండు అర్థాలు వస్తాయి. ప్రతి నిబంధనకూ నాలుగు ముక్కలు ఉండాలి: ఏది కాపాడుతున్నాం, ఎందుకు, ఎంత కొలత, ఏది కుదరదు. ఉదాహరణకు: "వీధివైపు సైడింగ్ మార్చేటప్పుడు గాడుల మధ్య దూరం ఆ ఇంటి అసలు సైడింగ్‌తో సరిపోవాలి, గాడులు నిలువుగానే ఉండాలి. స్టక్కో (సిమెంటు పూత), అడ్డ పలకలు, రాతి పలకలు కుదరవు." తప్పనిసరి అయితే "చేయాలి", సలహా అయితే "చేయడం మంచిది". ఈ రెండు క్రియలకు మించి వాడకండి. ఇంటీరియర్ జోలికీ, రంగుల జోలికీ పోకండి. జనం సహనమంతా అక్కడే ఖర్చయిపోతుంది, కప్పు దగ్గరికొచ్చేసరికి మీ మాట వినేవాళ్లుండరు.

కప్పు మీద ఎక్కువ పేజీలు పెట్టండి. ఈ ఇళ్లకు అటక లేదు. కింద కనిపించే చెక్క పలకలే పైకప్పుకు ఆధారం. అందుకే వేడి ఆగడానికి ఇన్సులేషన్ అంతా పలకల పైనే వేయాలి. 3 అంగుళాల ఫోమ్ చూరు కొసదాకా వేస్తే సన్నగా గీత గీసినట్టుండే అంచు మందమైపోయి ఇల్లు టోపీ పెట్టుకున్నట్టు కనిపిస్తుంది. ఇది ప్రతి ట్రాక్టులోనూ కనిపించే తప్పే. విరుగుడు సులువు: చూరు కింద ఎవరూ ఉండరు, అక్కడ ఇన్సులేషన్ అక్కర్లేదు. గోడ దాటగానే మందం తగ్గిస్తూ రావాలని, అసలు ఫేషియా లోతు మారకూడదని బొమ్మతో సహా రాయండి.

అటక లేకపోవడం వల్లే ఏసీ డక్టులు కప్పెక్కుతాయి. మినీ-స్ప్లిట్ బయటి యూనిట్‌ను పక్క యార్డులో నేలమీద పెట్టాలని, పైపులు వీధివైపు గోడ మీదుగా పోకూడదని రాయండి. యూనిట్ కోసం ఇంటి స్లాబులో బోల్టులు దించకూడదని కూడా హెచ్చరించండి. నేలను వెచ్చబరిచే నీళ్ల గొట్టాలు కాంక్రీటులోనే ఉన్నాయి, డ్రిల్లు ఒకటి తగిలితే ఆ గొట్టం పోయినట్టే. సోలార్ పలకలను అందం పేరుతో ఆపితే కాలిఫోర్నియా చట్టం ముందు నిలవదు. అందుకని అక్కడ "ముందు అంచు నుంచి వెనక్కి, కప్పు వాలుకు సమాంతరంగా పెట్టడం మంచిది" అని సలహాగానే ఉంచండి.

కిటికీల దగ్గర అసలు అద్దాన్నే ఉంచమని పట్టుబట్టకండి. చాలా ఇళ్లలో అది పలచటి ఒంటిపొర అద్దం, టెంపర్ చేసింది కాదు. నేల దాకా ఉన్న ఆ అద్దానికి పిల్లలు గుద్దుకుంటే పెద్ద ప్రమాదం. కాపాడాల్సింది తెరుపు కొలత, ఫ్రేము సన్నదనం. ఫ్రేము లేకుండా నేరుగా స్తంభాల మధ్య బిగించిన అద్దం తీసి లావు వినైల్ ఫ్రేము పెడితే వెలుతురూ పోతుంది, రూపమూ పోతుంది. కొత్త ఫ్రేము గరిష్ఠ వెడల్పు మీ సర్వే కొలతల నుంచే తీసుకోండి. త్రికోణపు కప్పు కింద ఉండే పైకిటికీలను మూసేయడం తప్పనిసరి నిషేధాల్లో ఉండాలి.

మనవాళ్లు తరచూ అడిగేది వాస్తు కోసం వాకిలి మార్చవచ్చా అని. ఏట్రియం నమూనాలో దారి ఉంది: లోపలి తలుపులు వీధికి కనిపించవు కాబట్టి వాటికి రివ్యూ వద్దని రాసేయండి, వీధివైపు గోడలో కొత్త తెరుపు మాత్రం రివ్యూలోకి రావాలి.

రెండో అంతస్తును గైడ్‌లైన్స్‌తో ఆపాలని చూడకండి. ఎత్తు జోనింగ్ (ఎక్కడ ఏం ఎంత కట్టొచ్చో చెప్పే నగర నిబంధనలు) చెప్పాల్సిన మాట. పాలో ఆల్టోలోలా ఒంటి అంతస్తు ఓవర్‌లే కోసం విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఏడీయూల (అదే స్థలంలో కట్టుకునే చిన్న రెండో ఇల్లు) విషయంలోనూ అంతే. 800 చదరపు అడుగులు, 16 అడుగుల ఎత్తు, పక్కా వెనకా 4 అడుగుల ఖాళీతో కట్టుకునే అవకాశం రాష్ట్ర చట్టమే ఇస్తోంది. దాన్ని కాదనకుండా, కప్పు వాలు అసలు ఇంటి వాలుకు సరిపోవాలని, పక్కింటి అద్దపు గోడకు ఎదురుగా కిటికీ పడితే అది కంటి ఎత్తుకు పైనుండాలని సలహాగా రాయండి. ఒక ఇంటి స్థలాన్ని విడగొట్టి ఎక్కువ ఇళ్లు కట్టుకోనిచ్చే ఎస్‌బీ 9 చట్టం 2021లో వచ్చినప్పుడు హిస్టారిక్ డిస్ట్రిక్టులకు మినహాయింపు ఇచ్చింది. అందుకే "ఇళ్లు కట్టనివ్వకుండా ఇదో ఎత్తుగడ" అనే విమర్శ తప్పకుండా వస్తుంది. ఏడీయూకు అనువైన మూడు నమూనా ప్లాన్లు మీ పత్రంలోనే జోడిస్తే, ఆ విమర్శకు అదే జవాబు.

పరీక్ష పెట్టి చూడండి

ముసాయిదా కాగానే నగరానికి పంపకండి. గత కొన్నేళ్లలో మీ ట్రాక్టులో వచ్చిన పర్మిట్లలో ఐదు తీసుకోండి: ఒక కప్పు, ఒక కిటికీల మార్పు, ఒక చేర్పు, ఒక కంచె, ఒక గరాజ్. ముగ్గురికి విడివిడిగా ఇచ్చి, ఈ గైడ్‌లైన్స్ ప్రకారం అనుమతిస్తారా లేదా రాయమనండి. ముగ్గురి జవాబూ ఒకటి కాని చోట తప్పు వాక్యానిదే, మళ్లీ రాయండి. వాళ్లలో ఒకరు కాంట్రాక్టర్ అయితే ఇంకా మేలు.

రివ్యూను మూడు మెట్లుగా విడగొట్టండి. ఉన్నదాన్ని ఉన్నట్టే బాగు చేస్తే రివ్యూ వద్దు. కప్పు, సైడింగ్, వీధివైపు కిటికీలు సిబ్బంది స్థాయిలో తేలాలి. చేర్పులు, కూల్చివేతలు మాత్రమే కమిషన్ ముందుకు వెళ్లాలి. చిన్న పనికి కూడా కమిషన్ చుట్టూ తిప్పితే జనం పర్మిట్ లేకుండానే కానిచ్చేస్తారు, మీకు తెలిసేసరికి సైడింగ్ చెత్తబండిలో ఉంటుంది. నాన్-కంట్రిబ్యూటింగ్ ఇళ్లకు ఒక అధ్యాయం విడిగా రాయండి. వాటికి ఎత్తు, వీధి నుంచి దూరం, కప్పు వాలు చాలు, పాత గాడుల సైడింగ్ పెట్టి నకిలీ ఐక్లర్ చేయమనకండి. కొత్తది కొత్తదిగా తెలియాలని, అయినా పాతదానితో పొసగాలని అమెరికా ఇంటీరియర్ డిపార్ట్‌మెంట్ (చారిత్రక కట్టడాలను చూసే ఫెడరల్ శాఖ) పునరుద్ధరణ ప్రమాణాల్లో తొమ్మిదోది చెప్పేది కూడా ఇదే.