ఫ్రిస్కోలో హైస్కూల్ ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి

డాలస్ వైపు ఉద్యోగం రాగానే మనవాళ్లు చాలామంది ఫ్రిస్కోలో ఇల్లు వెతుకుతారు. హైస్కూలు పిల్లలుంటే ఇంటికన్నా ముందు చిరునామా చూసుకోండి. ఫ్రిస్కో అని ఉన్న ప్రతి ఇల్లూ ఫ్రిస్కో ఐఎస్‌డీలోకి, అంటే అక్కడి ప్రభుత్వ స్కూళ్లను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌లోకి రాదు. కొన్ని ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ డిస్ట్రిక్టులవి. పక్క ఊళ్లైన ప్లేనో, మెకిన్నీ ఇళ్లు కొన్ని మాత్రం ఫ్రిస్కో ఐఎస్‌డీలోకే వస్తాయి. లీజింగ్ ఆఫీసువాళ్ల నోటిమాట మీద సంతకం పెట్టొద్దు. డిస్ట్రిక్ట్ సైట్‌లో ఇంటి నంబరుతో సహా కొట్టి చూడండి. రోడ్డుకి ఇటు ఒక స్కూలు, అటు మరొకటి ఉండొచ్చు. 2022లో పాంథర్ క్రీక్ తెరిచినట్టు కొత్త హైస్కూలు వస్తే హద్దులూ మారతాయి.

ఇళ్ల సైట్లలో స్కూళ్లకి కనిపించే పదికి తొమ్మిది, పదికి ఎనిమిది రేటింగులు చూసి కంగారుపడొద్దు. ఆ అంకెల్లో స్కూలు పనితనంతో పాటు తల్లిదండ్రుల ఆదాయం, చదువు కూడా కలిసి ఉంటాయి. దానికి బదులు టెక్సస్ విద్యాశాఖ ఏటా ప్రతి స్కూలుకీ ఇచ్చే టీఏపీఆర్ రిపోర్టు తెరవండి. అందులో ఏపీ, అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలకు రెండు అంకెలుంటాయి: ఎంతమంది రాశారు, రాసినవాళ్లలో ఎంతమందికి 5కి 3 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చింది. రెండూ కలిపే చదవాలి. ఒక స్కూల్లో వందకి 30 మంది రాసి 90 శాతం గట్టెక్కితే 27 మంది. మరోచోట 80 మంది రాసి 70 శాతమే గట్టెక్కినా 56 మంది. పైకి మొదటిదే గొప్పగా కనిపిస్తుంది, పిల్లలను ఎక్కువగా ముందుకు తెస్తున్నది రెండోది.

ఎక్కువమంది పొరబడేది ర్యాంకు దగ్గర. టెక్సస్‌లో 1997 చట్టం ప్రకారం తన స్కూల్లో మొదటి 10 శాతంలో ఉన్నవారికి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ వస్తుంది. యూటీ ఆస్టిన్‌కి 2026 ఫాల్ నుంచి అది 5 శాతమే. క్లాసులో 500 మంది ఉంటే 25 మంది అన్నమాట. పోటీ పక్క స్కూలుతో కాదు, సొంత క్లాసుతోనే. పేరున్న స్కూల్లో అలాంటి క్లాసులో నలభయ్యో ర్యాంకు తెచ్చుకున్న పిల్లకి యూటీ ఆస్టిన్ ఆటోమేటిక్ అడ్మిషన్ తలుపు మూసుకుపోతుంది. పైగా ఆ సీటు యూనివర్సిటీకే తప్ప కంప్యూటర్ సైన్స్‌కి గ్యారంటీ కాదు. ఇండియా మార్కులను జీపీఏలో ఎలా లెక్కిస్తారో చేరేముందే కౌన్సెలర్‌ని అడగండి.

రోబోటిక్స్, హెల్త్ లాంటి కోర్సుల కోసం స్కూలు మార్చనక్కర్లేదు. డిస్ట్రిక్ట్‌లోని సీటీఈ (వృత్తి, సాంకేతిక విద్య) సెంటర్‌కి అన్ని హైస్కూళ్ల పిల్లలూ వెళ్లొచ్చు.

చేర్చేటప్పుడు లీజు, కరెంటు బిల్లు, మార్కుల షీట్లతో పాటు టీకాల కాగితం కావాలి. మన పిల్లలకు తరచుగా తక్కువయ్యేవి మెనింజోకాకల్, హెపటైటిస్ ఏ, చికెన్‌పాక్స్ రెండో డోసు. డోసుల మధ్య నెలల ఎడం ఉంటుంది కాబట్టి విమానం ఎక్కకముందే మొదలుపెట్టి, తేదీలున్న కాగితం చేతి బ్యాగులో పెట్టుకోండి.