సాయంత్రం అయిదింటికి గుడాలు, సత్తుపిండి: మా ఇంట్లో చేసే పద్ధతి

పొద్దున టిఫిన్, మధ్యాహ్నం అన్నం ఎలాగో గడిచిపోతాయి. మా ఇంట్లో అసలు పరీక్ష సాయంత్రం అయిదింటికి. బడి నుంచి వచ్చిన పిల్లాడు బ్యాగు సోఫాలో పడేసి నేరుగా వంటింట్లో డబ్బాలు వెతుకుతాడు. అదే టైముకి అత్తమ్మకు చాయ్ కావాలి, చాయ్‌లోకి బిస్కెట్లు కావాలి. ఆఫీసు నుంచి వచ్చే నాకు అప్పటికి ఆకలితో చిరాకు మొదలవుతుంది. ఆ కాసేపట్లో చేతికి ఏది అందితే అదే తింటాం. అందుకే ఇమ్యూనిటీకి ఏం తినాలని ఎవరైనా అడిగితే నేను సాయంత్రపు తిండి గురించే చెప్తాను. మిగతా పూటలు మార్చడం కష్టం, ఇదొక్కటీ మన చేతిలో ఉంటుంది.

ఏ వస్తువైనా ఇవాళ తింటే రేపటికి రోగనిరోధక శక్తి పెరిగిపోదు. రోగాలతో పోరాడే యాంటీబాడీలు ప్రొటీన్లే. అవి తయారవాలంటే తిండిలో ప్రొటీన్ చాలినంత ఉండాలి, ఇనుము, జింకు, ఎ, సి విటమిన్ల లోటు ఉండకూడదు. అన్నం, చారు, ఆలుగడ్డ వేపుడుతో రోజు గడిపేసే ఇళ్ళలో కొరత పడేవి కూడా ఇవే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే ఇది మన ఇంటి సంగతే, ఎవరిదో కాదు.

మాది కరీంనగర్ వైపు. అక్కడ సాయంత్రం పూట గుడాలు కొత్త వంటకమేం కాదు. కోస్తా వైపు వాళ్ళు గుగ్గిళ్ళంటారు. బబ్బెర్లు (అలసందలు), నల్ల శనగలు, పెసర్లు, ఉలవలు, ఎండు మక్కలు (మొక్కజొన్న), వీటిలో ఏదైనా నానబెట్టి ఉడకబెట్టి పోపు వేస్తే అయిపోయింది. ఇంత సులువైన పనిలోనూ తేడా వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. వాటి గురించే ఎక్కువ చెప్తాను.

మొదట నానబెట్టడం. నల్ల శనగలు, ఉలవలు రాత్రంతా నానాలి. బబ్బెర్లకు నాలుగైదు గంటలు చాలు, పెసర్లకు రెండు మూడు గంటలు. నేను ఆఫీసుకు వెళ్ళే ముందు బబ్బెర్లు నానబోసి వెళ్తాను, వచ్చేసరికి సిద్ధంగా ఉంటాయి. ఎండాకాలంలో మాత్రం ఇలా వదిలేస్తే సాయంత్రానికి నీళ్ళు నురగ కట్టి వాసన వస్తాయి. ఇంట్లో ఉన్నవాళ్ళు మధ్యాహ్నం ఒకసారి నీళ్ళు మార్చాలి, లేదా గిన్నె ఫ్రిజ్‌లో పెట్టేసి వెళ్ళాలి. నానిన నీళ్ళు పారబోసి, కడిగి, కొత్త నీళ్ళతో ఉడకబెట్టండి. కడుపుబ్బరం అని గుడాలకు దూరంగా ఉండేవాళ్ళకు ఈ ఒక్క పనితోనే చాలా వరకు తేడా తెలుస్తుంది. ఇంకా ఇబ్బందిగా ఉంటే ఉడికేటప్పుడు చిటికెడు వాము వేయండి.

కొలత మనిషికి ఒక గుప్పెడు ఎండు గింజలు, అంటే సుమారు 30 గ్రాములు. ఇందులో ఆరేడు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ఒక గుడ్డులో ఉండేదీ దాదాపు ఇంతే. గుడ్డు తినే ఇళ్ళలో అదీ పెట్టండి, రెండింటికీ పోటీ లేదు.

తర్వాత ఉడకడం. కుక్కర్‌లో బబ్బెర్లకు రెండు విజిళ్ళు, పెసర్లకు ఒకటి, నల్ల శనగలకు నాలుగైదు. కానీ విజిళ్ళ లెక్కను పూర్తిగా నమ్మకండి. పాత గింజలు ఎంతకీ ఉడకవు, కొత్తవి ఇట్టే మెత్తబడతాయి. మూత తీశాక నాలుగు గింజలు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూడండి. పొట్టు చెక్కుచెదరకుండా ఉండాలి, లోపలి పప్పు మెత్తగా నలగాలి. నలిగినప్పుడు మధ్యలో తెల్లగా, పలుకుగా తగిలిందంటే ఇంకో విజిల్ కావాలి. పొట్టంతా ఊడి పప్పు ముద్దయిందంటే అవి గుడాలు కావు, పప్పే. అలాంటప్పుడు అందులో టమాట వేసి రాత్రి అన్నంలోకి దించేయడమే. ఉడికిన నీళ్ళు మాత్రం పారబోయకండి, చారులో కలపండి. ఉలవలు ఉడికిన నీళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, చాలామంది ఉలవలు ఉడకబెట్టేదే ఆ కట్టు కోసం.

పోపుకి నలుగురి గుడాలకు రెండు చెంచాల నూనె చాలు. ఆవాలు, జిలకర, రెండు ఎండుమిర్చి, దంచిన ఎల్లిపాయలు, గుప్పెడు కరివేపాకు, పసుపు. కరివేపాకును అలంకారానికి రెండు రెబ్బలు వేస్తే పిల్లలు ఏరి పక్కన పెడతారు. సన్నగా తరిగి కరకరలాడేదాకా వేయించండి, గింజలతో పాటే తినేస్తారు. గుడాలు వేసి, ఉప్పు వేసి, నీరు ఇంకేదాకా రెండు నిమిషాలు కలిపి దించండి. పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం పొయ్యి మీద నుంచి దించాకే. ఇక్కడ తొందరపడొద్దు. గింజల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి సి విటమిన్ సాయపడుతుంది. ఆ విటమిన్ వేడికి తట్టుకోలేదు. మరుగుతున్న దాంట్లో నిమ్మకాయ పిండితే పులుపు మిగులుతుంది కానీ విటమిన్ కొంత పోతుంది. ప్లేట్లో పెట్టుకున్నాక ఎవరిది వాళ్ళు పిండుకుంటే ఇంకా మంచిది.

చాయ్ దగ్గరే మా ఇంట్లో పంచాయితీ. చాయ్, కాఫీల్లోని టానిన్లనే వగరు పదార్థాలు ఇనుమును ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. గుడాలు తింటూ చాయ్ తాగితే నిమ్మకాయ పిండిన ఫలితం తగ్గిపోయినట్టే. నేనీ మాట అంటే అత్తమ్మ, "చాయ్ లేకుండ గుడాలెట్ల పోతయ్ బిడ్డా?" అంది. చివరికి చాయ్‌ని నాలుగింటికి జరిపాం. తిండికీ చాయ్‌కీ మధ్య గంట ఎడం ఉంటే చాలు. బిస్కెట్లు వాటంతటవే తగ్గాయి, ఎందుకంటే గంటలో గుడాలు వస్తాయని ఆవిడకు తెలుసు.

పెసర్లతో మొలకలు కూడా చేస్తాం. నానిన పెసర్లను తడిబట్టలో మూటగట్టి ఒక రాత్రి ఉంచితే మొలకలొస్తాయి. పచ్చి మొలకలే బలం అని చాలామంది అంటారు. నేను మాత్రం అయిదు నిమిషాలు ఆవిరి పట్టిస్తాను. మొలకెత్తే వేడీ తేమా బ్యాక్టీరియాకు కూడా అనుకూలమే. గర్భిణులకు, చిన్నపిల్లలకు, ముసలివాళ్ళకు పచ్చివి అసలు పెట్టొద్దు.

రోజూ గుడాలంటే మావాడు మొహం ముడుచుకుంటాడు. వాడి కోసం సత్తుపిండి, అంటే వేయించిన గింజలు పట్టించిన పిండి. సద్దుల బతుకమ్మ నాడు మా వైపు సత్తుపిండి, మలీద ముద్దలు తప్పకుండా చేస్తారు. బతుకమ్మను చెరువులో వేశాక అక్కడే అందరూ పంచుకుని తింటారు. ఏడాదికి ఒక్కసారే ఎందుకు, నెలకోసారి చేసుకోవచ్చు కదా అని నాకెప్పుడూ అనిపించేది.

కొలతకు ఒక మంచి ఆధారం హైదరాబాద్‌లోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పోషకాహార లోపం ఉన్న పిల్లల కోసం 'హైదరాబాద్ మిక్స్' అనే పిండిని రూపొందించింది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగలు 16, పల్లీలు 10, బెల్లం 20. ఈ 86 గ్రాముల్లో సుమారు 330 కేలరీలు, 11 గ్రాముల ప్రొటీన్ వస్తాయి. డబ్బాల్లో అమ్మే ఖరీదైన పొడుల ముందు ఇది ఏమాత్రం తీసిపోదు. నేను ఇదే లెక్కలో గోధుమల బదులు ఎండు మక్కలు వేసి, పైనుంచి రెండు మూడు చెంచాల నువ్వులు కలుపుతాను. అంటే మక్కలు 400 గ్రాములైతే పుట్నాలు (వేయించిన శనగలు) 160, పల్లీలు 100. బెల్లం మాత్రం పిండిలో కలపను. ఎందుకో చెప్తాను.

ముందు పల్లీలు ఏరండి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు మచ్చ ఉన్నవి తీసి పారేయండి. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, వేయించినా అది పూర్తిగా పోదు. ఒక్క చేదు పల్లీ నోట్లో పడితే ఎలా ఉంటుందో అందరికీ తెలుసు కదా, ఆ చేదును మింగకుండా ఉమ్మేయడమే సరైన పని.

ఏ గింజకాగింజ విడిగా వేయించాలి. అన్నీ ఒకేసారి మూకుట్లో పోస్తే మక్కలు వేగేలోపు నువ్వులు మాడిపోతాయి. మక్కలు సన్నని మంట మీద అక్కడక్కడా ఒకటి రెండు పేలేదాకా వేగాలి. అప్పుడు ఇల్లంతా ఒక కమ్మటి వాసన వస్తుంది, పక్క ఫ్లాటు వాళ్ళు ఏం చేస్తున్నారని అడుగుతారు. పల్లీలు పొట్టు చిట్లేదాకా, నువ్వులు చిటపటలాడగానే దించేయాలి. నువ్వులు పొట్టు తీయనివే కొనండి, తెల్లగా పాలిష్ పట్టినవి వద్దు. పుట్నాలు ఎలాగూ వేగినవే, ఒకసారి వేడి చేస్తే చాలు.

పూర్తిగా చల్లారాక మక్కలు, పుట్నాలు గిర్నికి (పిండిమరకు) పంపండి. మిక్సీ మక్కల దెబ్బకు ఆగదు. గిర్ని ఆయనకు కారం పట్టాక వెంటనే మనది పోయొద్దని చెప్పండి, లేకపోతే సత్తుపిండి తింటూ నీళ్ళు తాగాల్సి వస్తుంది. పల్లీలు, నువ్వులు గిర్నికి పంపకూడదు. నూనె దిగి ముద్దవుతాయి. వాటిని కాసిన్ని పుట్నాలతో కలిపి మిక్సీలో ఆపి ఆపి తిప్పి, గిర్ని పిండిలో కలపాలి. ఆ నూనె వల్లే పిండి నెల దాటితే కమటు వాసన వస్తుంది. కాబట్టి ఎక్కువగా చేసి పెట్టుకోవద్దు. స్టీలు డబ్బాలో పోసి, తడి చెంచా పెట్టకుండా వాడుకోండి.

ఇప్పుడు బెల్లం సంగతి. ఒకే పిండిని మా ఇంట్లో రెండు రకాలుగా తింటాం. పిల్లాడికి గుప్పెడు పిండిలో చిన్న బెల్లం ముక్క తురిమి, చెంచాడు నెయ్యి వేసి, పాలు చిలకరించి ముద్ద చేసి ఇస్తాను. అత్తమ్మకు షుగర్. ఆవిడకు మజ్జిగలో పిండి కలిపి, ఉప్పు, జిలకర పొడి, తరిగిన ఉల్లిపాయ వేసి ఇస్తాను. బెల్లం చక్కెర కంటే మంచిదని షుగర్ ఉన్నవాళ్ళు ధైర్యంగా తినేస్తుంటారు. రక్తంలో షుగర్ పెంచడంలో రెండూ ఒకటే.

ఎండాకాలంలో ఈ రెంటికీ తోడు రాగి అంబలి. రాత్రి రాగిపిండిని నీళ్ళలో కలిపి మూతపెట్టి పులియనిచ్చి, పొద్దున ఉండ కట్టకుండా కాచి, చల్లారాక మజ్జిగ పోసుకోవాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, మన ధాన్యాల్లో దేంట్లోనూ ఇంత లేదు. అంతకు మించి చెప్పడానికేం లేదు, అంబలి చేయడం అందరికీ వచ్చు.

పండంటే సాయంత్రానికి జామపండే నా ఓటు. నారింజలో ఉండే సి విటమిన్ కంటే ఇందులో మూడు నాలుగు రెట్లు ఎక్కువ, ధర కూడా మామూలుగా తక్కువే. కార్తీకంలో ఉసిరికాయలు వచ్చినన్నాళ్ళు ఒకటి తురిమి గుడాల మీద చల్లండి, నిమ్మకాయ అక్కర్లేదు. దూరదేశం నుంచి వచ్చిన స్టిక్కరు పండ్ల మీద నాకు కోపమేమీ లేదు, కానీ వాటికి పెట్టే డబ్బులతో వారమంతా జామపండ్లు తినొచ్చు.

పిల్లల కోసం పాలలో కలిపే పొడులు కొనేవాళ్ళు డబ్బా వెనక పదార్థాల పట్టిక చదవండి. ఏది ఎక్కువ బరువుందో దాని పేరే ముందు రాయాలని నిబంధన. మొదటి రెండు మూడు పేర్లలో చక్కెర కనిపిస్తే మీరు దేనికి డబ్బు పెడుతున్నారో అర్థమైపోతుంది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి వాటిని 'హెల్త్ డ్రింక్' వర్గంలోంచి తీసేయమని ఆన్‌లైన్ అమ్మకం సైట్లకు చెప్పింది. 2006 ఆహార భద్రతా చట్టంలో 'హెల్త్ డ్రింక్' అనే నిర్వచనమే లేదట.

కొన్ని జాగ్రత్తలు. అయిదేళ్ళ లోపు పిల్లలకు పల్లీలు, శనగలు గింజల్లా ఇవ్వొద్దు, గొంతులో ఇరుక్కుంటాయి. మెదిపి గానీ పిండి చేసి గానీ పెట్టండి. పల్లీలకు, నువ్వులకు అలర్జీ ఉన్నవాళ్ళు ఉంటారు, కాబట్టి పక్కింటి పిల్లలకు పెట్టేముందు వాళ్ళ అమ్మను అడగండి. కిడ్నీ జబ్బున్న వాళ్ళకు ప్రొటీన్ ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి, గుప్పెడు గుడాలే కదా అనుకోవద్దు. రాజ్మాతో గుడాలు చేస్తే కుక్కర్లో బాగా ఉడకాలి, సగం ఉడికినవి తింటే వాంతులవుతాయి.

వారానికి ఇంత అని పెద్ద ప్లానేమీ పెట్టుకోను. ఆదివారం శనగలు ఎక్కువగా ఉడకబెట్టి సగం పోపు వేయకుండా ఫ్రిజ్‌లో పెడతాను, అవి సోమవారం పనికొస్తాయి. బుధ, గురువారాల్లో బబ్బెర్లు. మధ్యలో సత్తుపిండి. శుక్రవారం వీధి చివర మిర్చి బజ్జీ బండి దగ్గరే గడుస్తుంది, దానికి నేనేమీ అడ్డు చెప్పను, నేనూ తింటాను. పోపు వేసిన గుడాలు మిగిలితే మర్నాడు కచ్చాపచ్చాగా దంచి, శనగపిండి, పచ్చిమిర్చి కలిపి పెనం మీద అట్లలా వేసేయండి. ఉల్లిపాయ కలిపినవి అంతకు మించి నిలవ ఉంచొద్దు.