స్టీరింగ్ కాలమ్ స్విచ్ (స్టీరింగ్ కింద లైట్లు, ఇండికేటర్లు వేసే మీట) మార్చేటప్పుడు జాగ్రత్తలు

- ముందుగా బ్యాటరీ ఎర్త్ కేబుల్ (బ్యాటరీ నుంచి కారు బాడీకి కలిపిన తీగ) విప్పండి. తాళం తీసేస్తే చాలదు; పాత కార్లలో హారన్, పార్కింగ్ లైట్ల వైర్లకు కరెంటు ఎప్పుడూ ఉంటుంది.
- స్విచ్ అందాలంటే స్టీరింగ్ తీయాలి. చక్రాలు తిన్నగా ఉంచి, షాఫ్టుకీ (స్టీరింగ్ బిగించిన కడ్డీ) స్టీరింగ్‌కీ కలిపి గుర్తు గీయండి. స్టీరింగ్ మధ్య నట్టు పూర్తిగా తీయకుండా రెండు చుట్లు మిగిల్చి లాగండి, లేదంటే స్టీరింగ్ ఊడి ముఖానికి తగులుతుంది. సుత్తి వద్దు.
- వైర్ల రంగులు నమ్మకండి, ఏళ్ల తరబడి వేడికి వెలిసిపోయి ఉంటాయి. ఫోటో తీసి, ఒక్కోదానికీ చీటీ కట్టండి. కొత్త స్విచ్‌ను బిగించక ముందే మల్టీమీటర్‌తో (కరెంటు దారి ఉందో లేదో చూపే మీటరు) మీట ప్రతి స్థానంలో పరీక్షించండి.
- రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే విడి స్విచ్) లేని కార్లలో హెడ్‌లైట్ల కరెంటంతా స్విచ్ గుండానే పోతుంది. రెండు 55 వాట్ల బల్బులకు 12 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లు దాటుతుంది. సన్న వైరు వేస్తే కాలుతుంది.
- బిగించాక స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పి, వైరు ఎక్కడా నలగట్లేదని చూడండి.