మల్లి పుస్తకం: పిల్లలు లేని ఇంట్లో కుక్కను పెంచే తీరు

మా ఇంట్లో నీలం అట్ట రూళ్ల పుస్తకం ఒకటి ఉంది. అట్ట మీద నా చేతిరాతతో ‘మల్లి’ అని ఉంటుంది. నేను గోదావరి వైనతేయ పాయ పక్కన ఒక లంక ఊళ్లో బ్రాంచ్ పోస్టుమాస్టర్‌ని. తేదీ వేయని కాగితం నా చేతుల్లోంచి బయటకు వెళ్లదు. ఆ అలవాటే ఇంట్లోకీ వచ్చింది. మల్లి మా కుక్క. మాకు పిల్లలు కలగలేదు. పెళ్లయిన కొన్నేళ్ల వరకు ఆసుపత్రుల చుట్టూ తిరిగాం, తరవాత మానుకున్నాం. ఇప్పుడు నాకు 62 ఏళ్లు, మావారికి 66. పొద్దున్నే ఆయన పక్క మీద నుంచి లేవగానే ముందు పిలిచే పేరు మల్లిదే.

తపాలా పని మీద వచ్చేవాళ్లలో పిల్లలు లేని దంపతులు, ఒంటరిగా ఉంటున్న ఆడవాళ్లు ‘మేమూ ఒక కుక్కపిల్లను తెచ్చుకోవాలనుకుంటున్నాం, ఎలా పెంచాలి?’ అని అడుగుతుంటారు. బల్ల దగ్గర నిలబడి చెబితే సగం మరిచిపోతారు. అందుకే రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. మల్లి కన్నా ముందు మాకు రాజు ఉండేవాడు. తొమ్మిదేళ్లు మాతో ఉన్నాడు. 2017 వానాకాలంలో వెనక కాలు కుంటడం మొదలుపెట్టాడు. పశువుల ఆసుపత్రి దూరం, పైగా వాన. మావారు మోకాళ్ల నొప్పులకు వేసుకునే మాత్ర సగం తుంచి అన్నంలో పెట్టాను. మూడు రోజులు అలాగే పెట్టాను. నాలుగో రోజు వాంతులు, తారులాంటి నల్లటి విరేచనం. డాక్టరు దగ్గరకు తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. మనుషులు వాడే నొప్పి మాత్రలు కుక్కల కడుపులో పుళ్లు పడేలా చేస్తాయనీ, మూత్రపిండాలను చెడగొడతాయనీ అప్పుడు తెలిసింది. వాడికి నొప్పి తగ్గాలన్న ఆత్రంతోనే పెట్టాను. అయినా వాడి ప్రాణం తీసింది నా చెయ్యే. కాబట్టి మొదటి మాట: మీ మందుల డబ్బాలోంచి జ్వరం మాత్ర గానీ నొప్పి మాత్ర గానీ కుక్కకు పెట్టకండి. పిల్లికైతే పారాసెటమాల్ ఒక్క మాత్ర చాలు, ప్రాణం పోవడానికి. మల్లి పుస్తకంలో మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో రాసుకున్నది ఇదే.

ఇక తెచ్చుకునే ముందు మీ వయసు లెక్క వేసుకోండి. మన ఊరకుక్క బాగా చూసుకుంటే పన్నెండు నుంచి పదిహేనేళ్లు బతుకుతుంది. డెబ్భై దాటినవాళ్లు రెండు నెలల పిల్లను తెచ్చుకుంటే దాని ముసలితనాన్ని చూసేది ఎవరు? అలాంటివారికి నేను నాలుగైదేళ్ల పెద్ద కుక్కను తెచ్చుకోమని చెబుతాను. యజమాని చనిపోయో ఊరు మారో వదిలేసిన కుక్కలు ప్రతి ఊళ్లో ఉన్నాయి. అవి కొరుకుతాయి, కొత్తింటికి అలవాటు పడవు అన్న రెండు భయాల్లో మొదటిదానికి వారం రోజులు గమనించి చూడండి, రెండోదానికి నెల రోజులు ఓపిక పట్టండి. జాతి కుక్క కావాలని పట్టణాలకు వెళ్లి వేలు పోయకండి. మంచు దేశాల నుంచి వచ్చిన గుబురు బొచ్చు కుక్క మే నెలలో మన ఉక్కకు పడే అవస్థ చూడలేం.

పిల్లను ఎనిమిది వారాలు నిండే వరకు తల్లి దగ్గర నుంచి తేవద్దు. మల్లిని 2021లో కాలువ గట్టు మీద కొబ్బరి మట్టల కుప్పలోంచి తెచ్చినప్పుడు దానికి రెండున్నర నెలలు ఉంటాయని డాక్టరు అన్నారు. ఆ రోజునే పుస్తకం మొదలైంది. అందులో మొదటి ఆరు నెలల లెక్క ఇలా ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి కలగలుపు టీకా, తరవాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాల వయసు దాకా. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఆపైన డాక్టరు చెప్పిన తేదీకి రెండోది, తరవాత ఏటా. నట్టల మందు చిన్నప్పుడు తరచుగా, ఆరు నెలలు దాటాక మూడు నెలలకొకసారి. టీకాలన్నీ పూర్తయ్యే దాకా పిల్లను వీధిలో తిప్పకండి. పార్వో అనే వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. రక్త విరేచనాలు పట్టుకుంటే రెండు మూడు రోజుల్లో పిల్ల చేతికి దక్కదు.

మన కుక్కే కదా అని పంటి గాటును తేలిగ్గా తీసుకోకండి. ఆటలో గీరుకున్నా, గాయాన్ని కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. టీకా సమయానికి పడితే భయం లేదు.

తిండి దగ్గర మన ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. డొక్కా సీతమ్మగారు వేళాపాళా లేకుండా వచ్చినవారందరికీ అన్నం పెట్టిన లంకల గన్నవరం మాకు ఎంతో దూరం కాదు. పెట్టడమే ప్రేమ అనుకుంటూ పెరిగినవాళ్లం. పిల్లలు లేని ఇళ్లలో ఆ పెట్టే చెయ్యి మరీ ఆగదు, నాకు తెలుసు. పులిహోర, గారె, పూతరేకు, కాజా, ఏది చేసినా ‘దానికొక ముక్క’ అంటాం. పూతరేకు కోసం అది మీ కాళ్ల దగ్గర కూర్చుని చూసే చూపుకు మనసు కరుగుతుంది. కరగనివ్వండి, చెయ్యి మాత్రం కదపకండి. ఉల్లిపాయ, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. మన కూరలన్నింటిలో ఉల్లి ఉంటుంది కాబట్టి కూర కలిపిన అన్నం కుక్కకు పనికిరాదు. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలకు చేటు. సేమ్యా పాయసంలో, చక్కెర పొంగలిలో కిస్‌మిస్ ఉంటుందని గుర్తుపెట్టుకోండి. చాక్లెట్ విషం. ఎండు చేపల్లో ఉప్పు మితిమీరి ఉంటుంది. పులస తెచ్చిన రోజు ఇల్లంతా పండగే, కానీ దాని ముళ్లు సన్నగా, లెక్కలేనన్ని. గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటే ఆపరేషన్ దాకా వెళుతుంది. ఉడికిన కోడి ఎముకలు చీలికలవుతాయి, అవీ వద్దు. మామిడి టెంకను కూడా అందకుండా పారేయండి, మింగితే పేగుకు అడ్డం పడుతుంది.

మరి ఏం పెట్టాలి? మల్లి బరువు పద్నాలుగు కిలోలు. నూకలు మెత్తగా వండి, అందులో ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, ఎముక తీసేసి, అన్నానికి దాదాపు సమానంగా కలుపుతాను. వారంలో మూడు రోజులు గుడ్డు. గుమ్మడికాయ గానీ క్యారెట్ గానీ చిన్న ముక్కలు. రోజుకు రెండు పూటలే, ఒకే పళ్లెంలో, ఒకే చోట. ఒట్టి పెరుగన్నంతో పెంచినవాళ్లు ‘మా కుక్క శాకాహారి’ అని సంతోషంగా చెబుతారు, కానీ దాని కండరాలకు అది చాలదు. మాంసం వండని ఇళ్లవాళ్లు కనీసం గుడ్డు పెట్టండి, అదీ కుదరకపోతే కొట్లో దొరికే కుక్క తిండిని డాక్టరు చెప్పిన కొలతలో పెట్టండి. పక్కటెముకల మీద చెయ్యి పెడితే ఎముకలు చేతికి తగలాలి, కంటికి మాత్రం కనిపించకూడదు. నెలకొకసారి మా తపాలా కార్యాలయంలో పార్సిళ్లు తూచినంత జాగ్రత్తగా ఇంట్లో మల్లిని తూస్తాను. మావారు దాన్ని ఎత్తుకుని కాటా ఎక్కుతారు, తరవాత ఆయన బరువు తీసేస్తాను.

మన నేలకు మన నేల ప్రమాదాలున్నాయి. కొబ్బరికాయల దింపు రోజున కుక్కను ఇంట్లో పెట్టి తలుపు వేయండి. మిగతా రోజుల్లోనూ కొబ్బరి చెట్ల కింద దాని పడక వేయకండి. దాళ్వా (రెండో పంట) వరి చేలలో ఎలుకల మందు పెట్టే రోజులు ఊళ్లో కనుక్కుని, ఆ వారమంతా పట్టీ వేసి తిప్పండి. మందు తిన్న ఎలుకను కొరికినా ప్రమాదమే. అనుమానం వస్తే మందు పొట్లంతో సహా డాక్టరు దగ్గరకు పరుగెత్తండి. బ్రోమాడయోలోన్ అయితే దానికి విరుగుడుగా విటమిన్ కె ఉంది, జింకు ఫాస్ఫైడ్‌కు అలాంటి విరుగుడు లేదు. రక్తపింజర మూతి మీద కాటు వేస్తే అది త్వరగా వాచిపోతుంది. కట్లు కట్టకుండా, కోయకుండా, నడిపించకుండా చేతుల మీద మోసుకెళ్లండి. మనుషులకిచ్చే విరుగుడు మందే కుక్కకూ పనిచేస్తుంది.

పిడుదుల విషయం మాత్రం రోజూ చూడాలి. సాయంత్రం దీపం పెట్టాక మల్లిని ఒళ్లో పడుకోబెట్టుకుని చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక కింద వెతుకుతాను. అది కళ్లు మూసుకుని కాలు చాపుతుంది. మా ఇద్దరికీ రోజులో ఇష్టమైన అరగంట అదే. పిడుదును వేళ్లతో నలపకండి, పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగండి. పెదవి ఎత్తి చిగురు చూడటం కూడా అప్పుడే. గులాబీ రంగులో ఉండాలి. పాలిపోయి, తిండి మానేసి, ముక్కులోంచి రక్తం కనిపిస్తే అది పిడుదుల జ్వరం కావచ్చు, రక్తపరీక్ష చేయించాలి. ముక్కు తడిగా ఉందా లేదా అని చూసి జ్వరం తేల్చకండి. థర్మామీటరు మలద్వారంలో పెట్టి చూస్తే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు కుక్కకు మామూలే.

ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. ‘మనకెలాగూ లేరు, దాని పిల్లలనైనా చూద్దాం’ అని ఒకావిడ నాతో కన్నీళ్లతో అన్నారు. ఆమె బాధ నాకు పరాయిది కాదు. కానీ ఆరు పిల్లలు పుడితే ఆరింటికీ ఇళ్లు దొరకవు. ఆపరేషన్ చేయించని కుక్కలకు పెద్ద వయసులో గర్భసంచిలో చీము పట్టవచ్చు, అది ప్రాణాంతకం.

ఇప్పుడు వరద సంగతి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. ఆ నీరు మా లంకలకు చేరడానికి ఎన్నో గంటలు పట్టదు. కాజ్‌వే మునిగింది. పడవ వచ్చింది. ‘ముందు మనుషులు, కుక్క తరవాత’ అన్నాడు పడవ నడిపే అబ్బాయి. అతన్ని తప్పు పట్టను, పడవలో పసిపిల్లలున్నారు. మావారు మాత్రం ‘అయితే తరవాతి పడవకే వస్తాం’ అని అరుగు మీద కూర్చున్నారు. మూడో పడవలో చోటిచ్చారు. మల్లికి అప్పుడు ఏడాది వయసు, పట్టీ అలవాటు లేదు. చీర కొంగుతో నా నడుముకు కట్టుకుని ఏటిగట్టు దాకా వచ్చాను. గట్టు మీద పరదా కింద ఐదు రాత్రులు.

అందుకే ఇప్పుడు జూన్ మొదటి వారానికల్లా గుమ్మం పక్క మేకుకు ఒక సంచి తగిలిస్తాను. అందులో మెడపట్టీ, గొలుసు, మెత్తటి మూతికట్టు, మూత గట్టిగా ఉన్న డబ్బాలో వారానికి సరిపడా ఎండు తిండి, గిన్నె, దుప్పటి, టీకా కార్డు ప్లాస్టిక్ కవరులో, మల్లి నాతో కలిసి ఉన్న ఫొటో ఒకటి. తప్పిపోతే అది మీదేనని చూపించడానికి ఫొటో కావాలి. వేసవిలోనే మూతికట్టు వేయించుకోవడం, బల్లకట్టు లాంటి ఊగే చోట నిలబడటం నేర్పండి. నేను మల్లిని రెండుసార్లు సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు మీద తీసుకెళ్లింది ఇందుకే. మూతికట్టు ఉన్న కుక్కను చూస్తే పడవవాళ్లూ భయపడరు. వదిలి వెళ్లక తప్పని పరిస్థితే వస్తే, దేవుడి దయ వల్ల రాకూడదు గానీ, గొలుసు మాత్రం విప్పండి. కట్టేసిన కుక్కకు ఈదే అవకాశం కూడా ఉండదు. వరద నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, మనుషులకూ అంటుతుంది. ఆ టీకా ఏటా వానలకు ముందే వేయించండి.

కనుమనాడు ప్రభల తీర్థాల్లో బాణసంచా మొదలయ్యే వేళకు మల్లిని లోపలి గదిలో రేడియో పెట్టి ఉంచుతాను, నేనూ పక్కనే కూర్చుంటాను. దీపావళికీ అంతే.

ఇక, మన తరవాత ఎవరు? పిల్లలున్న ఇంట్లో ఈ ప్రశ్నకు జవాబు ఏదో ఒకటి దొరుకుతుంది. మన ఇంట్లో మనమే రాసి పెట్టాలి. చట్టం కంటికి కుక్క కూడా ఒక ఆస్తే, కాబట్టి దాని పేరు మీద ఏదీ రాయలేం. దాన్ని చూసుకునే మనిషి పేర రాయాలి. ముందు ఆ మనిషిని వెతకండి, ‘చూస్తాంలే’ అన్నవాళ్లను కాదు, కుక్క తనంతట తాను వెళ్లి పక్కన కూర్చునే మనిషిని. మాకు ఎదురింటి వదినగారి కోడలు దొరికింది. నెలకు ఐదు వందల చొప్పున మల్లి కోసం తపాలా రికరింగ్ డిపాజిట్ కడుతున్నాను, ఐదేళ్లకు పండుతుంది, నామినీ ఆ అమ్మాయి. వీలునామాలో మావారూ నేనూ చెరొక పేరా రాసి, ఇద్దరేసి సాక్షులతో సంతకాలు పెట్టించాం. ఈ నీలం పుస్తకం కూడా ఆమెకే చెందుతుందని రాశాం. ఆఖరి పేజీలో మల్లికి ఏ చెవి వెనక గోకితే ఇష్టమో, ఏ మందు పడదో, ఉరుములకు ఎక్కడ దాక్కుంటుందో ఉంది.

కాగితం ఒక్కటే చాలదని నెలకు రెండు రాత్రులు మల్లిని ఆ ఇంట్లో పడుకోబెడుతున్నాం. మొదటిసారి తెల్లవార్లూ వాళ్ల గుమ్మంలో కూర్చుని మా ఇంటి వైపే చూసిందట. మేమిద్దరం కూడా కిటికీ దగ్గరే ఉన్నాం, దీపం ఆర్పి. ఇప్పుడు ఆ రోజు సాయంత్రం దుప్పటి మడిచి అరుగు మీద పెడితే చాలు, తానే నోట కరుచుకుని వీధి దాటుతుంది.