మారేడుమిల్లి వెళ్తున్నారా? బెజవాడ నుంచి అయితే రెండు రాత్రులు పెట్టుకోండి

పొద్దున్నే బయల్దేరి రాత్రికి ఇంటికి వచ్చేద్దాం అనుకుని మారేడుమిల్లికి బండి తీసేవాళ్ళు మా చుట్టాల్లోనే ప్రతి ఏడాదీ ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే, అలా వెళ్ళొద్దు. బెజవాడ నుంచి రాజమండ్రికే 160 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అక్కడి నుంచి మారేడుమిల్లికి ఇంకో 85, అందులో సగం అడవి రోడ్డు. మేము మొదటిసారి అలాగే వెళ్ళాం. చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయింది, ఆకలితో ఉన్నాం, రోడ్డు పక్కన కనిపించిన మొదటి కొట్టు దగ్గర ఆగి బొంగులో చికెన్ త్వరగా ఇమ్మని తొందరపెట్టాం. ఎముక దగ్గర ఎర్రగా పచ్చిగానే ఉంది. పిల్లలు రెండు ముక్కలు తిని వదిలేశారు, ఒక్క జలపాతం చూసి చీకటి పడకముందే వెనక్కి తిరిగాం. తప్పు కొట్టువాళ్ళది కాదు, మాదే. అక్కడ వంటకి టైమ్ పడుతుంది, నడకకి టైమ్ పడుతుంది, తెల్లవారుజామున కొండ మీద మంచు చూడాలంటే ముందు రాత్రి అక్కడే పడుకోవాలి.

ఎప్పుడు వెళ్ళాలి అంటే అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. వానలు తగ్గాక వాగుల్లో నీళ్ళు ఉంటాయి, అడవి పచ్చగా ఉంటుంది, డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున స్వెట్టర్ లేకుండా నిలబడలేరు. కానీ మన వాళ్ళు మర్చిపోయే సంగతి ఒకటి ఉంది. కార్తీకమాసంలో వనభోజనాలు కదా అని అందరూ కలిసి బయల్దేరతారు, తీరా అక్కడికి వెళ్ళాక ఇంట్లో సగం మంది నీచు ముట్టరు. మారేడుమిల్లి వెళ్ళి బొంగులో చికెన్ తినకుండా రావడం ఎందుకు? మీ ఇంట్లో కార్తీకం పాటిస్తే పోలి పాడ్యమి దాటాక పెట్టుకోండి, జనం కూడా కొంచెం తగ్గుతారు. తప్పదు అనుకుంటే బొంగులో వెజ్ బిర్యానీ చేసేవాళ్ళు ఉంటారు, ముందు రోజే చెప్పుకోవాలి.

దారి సంగతి. కారు అయితే ఏలూరు దాటాక గుండుగొలను దగ్గర దేవరపల్లి, కొవ్వూరు వైపు నాలుగు వరసల రోడ్డు పట్టుకోండి, తణుకు, రావులపాలెం మీదుగా వెళ్ళేకంటే హాయిగా ఉంటుంది. కొవ్వూరు నుంచి గామన్ బ్రిడ్జి ఎక్కితే రాజమండ్రి ఊళ్ళోకి దూరకుండానే కోరుకొండ, గోకవరం వైపు వెళ్ళిపోవచ్చు. రైలు అయితే పొద్దున్నే రత్నాచల్ ఉంది, రాజమండ్రిలో దిగి అక్కడి నుంచి బస్సో, మాట్లాడుకున్న బండో. భద్రాచలం వెళ్ళే బస్సుల్లో మారేడుమిల్లి, చింతూరు మీదుగా వెళ్ళేవి ఉంటాయి, మీ బస్సు ఆ దారిలో వెళ్తుందో లేదో ఎక్కేముందు కండక్టర్‌ని అడగండి.

పెట్రోలు గోకవరంలోనే నింపుకోండి. డబ్బులు చేతిలో ఉండాలి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఘాట్ మొదలయ్యాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, తేనె అమ్మే ముసలమ్మ ముందు నిలబడి ఫోన్ పైకెత్తి తిప్పుతూ ఉండటం ఆమెకీ మనకీ ఇబ్బందే. గది ముందే మాట్లాడుకోండి, శని ఆదివారాల్లో అయితే మరీ ముందు. దోమల మందు, పిల్లలకి జ్వరం మందు, వాంతి మాత్రలు, నిమ్మకాయలు, టార్చిలైటు పెట్టుకోండి. ఏజెన్సీలో మలేరియా ఇప్పటికీ ఉంది కాబట్టి సాయంత్రం కాగానే పిల్లలకి పొడుగు చేతుల చొక్కాలు వేయండి, తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లోపు చలిజ్వరం వస్తే డాక్టరుకి ఎక్కడికి వెళ్ళొచ్చారో తప్పకుండా చెప్పండి.

ఇక బొంగులో చికెన్. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని సరిగ్గా తినకుండానే ఏముందిలే ఇందులో అనేస్తారు.

కోడి ముక్కలకి ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, మసాలా పట్టించి కాసేపు పక్కన పెట్టి, పచ్చి వెదురు బొంగులోకి కూరి, మూతికి ఆకులు ఉండలా చుట్టి బిగించి, నిప్పుల మీద వేస్తారు. నూనె చుక్క పడదు, నీళ్ళు పోయరు. పచ్చి వెదురులో ఉండే నీరు, కోడిలోంచి ఊరే రసం, ఆ రెండే ఆవిరై లోపల ముక్కని ఉడికిస్తాయి. అందుకే బొంగు పచ్చిది అవ్వాలి. ఎండిన బొంగు అయితే ముక్క ఉడికేలోపే అంటుకుంటుంది, ఆ పచ్చి వెదురు వాసనా రాదు. వెళ్ళగానే ముందు పక్కన పేర్చిన బొంగులు చూడండి, పైన ఆకుపచ్చగా ఉండి కోసిన చోట తడి కనిపిస్తే అప్పుడే కొట్టినవి. ఇంతకు ముందు కాల్చిన నల్లటి మసి ఉన్న బొంగులో మళ్ళీ కూరుతుంటే వద్దని చెప్పండి, కొత్తది ఇవ్వమంటే ఇస్తారు.

ముప్పావు గంట అనుకోండి. నాటుకోడి అయితే ఇంకా ఎక్కువ. మంట మీద కాదు, నిప్పుల మీద పెట్టి అన్ని వైపులా తిప్పుతూ ఉండాలి. మనం తొందరపెడితే మంట పెంచుతారు, అప్పుడు బొంగు పైన కాలిపోతుంది, లోపల మాత్రం మాకు దొరికినట్టే పచ్చిగా ఉంటుంది. అందుకని పొద్దున జలపాతానికి వెళ్ళేటప్పుడే కొట్టు దగ్గర ఆగి ఎన్ని కిలోలు, ఎన్ని గంటలకి వస్తారు, కారం ఎంత అని చెప్పి అడ్వాన్సు ఇచ్చి వెళ్ళండి. మనకి కారం అలవాటే కదా అని ఇంకా వేయమనకండి, నూనె లేని కూరలో కారం ముక్కకి సూటిగా తగులుతుంది, వెదురు రుచి పోతుంది. ధర కిలో లెక్కా, బొంగు లెక్కా అనేది కూడా అప్పుడే తేల్చుకోండి. అది అడ్డాకులో వంపినప్పుడు వచ్చే ఆవిరి కోసమే నేను మళ్ళీ మళ్ళీ వెళ్తాను. దాన్ని పార్సిల్ కట్టించుకుని గదికి తీసుకెళ్ళొద్దు, ఆ నిప్పుల పక్కనే కూర్చుని తినండి.

చికెన్ ఒక్కటే కాదు. వానాకాలం చివర్లో వెళ్తే వెదురు కొమ్ముల కూర దొరకొచ్చు, లేత వెదురు మొలకల్ని సన్నగా తరిగి వండుతారు, కొంచెం పులుపు, కొంచెం చేదు, అన్నంలోకి బాగుంటుంది. ఇక్కడి తోటల్లో కాఫీ, మిరియాలు పండుతాయి, మిరియాలు తప్పకుండా కొనండి. తేనె, చింతపండు గిరిజన సహకార సంస్థ వాళ్ళవి తీసుకోండి, 1956 నుంచి ఉన్న సంస్థ అది. జీలుగు కల్లు చలికాలంలో దించుతారు. తాగేవాళ్ళు పొద్దున్నే చెట్టు దగ్గర తాజాగా దించింది అయితేనే తాగండి, ఎవరో సీసాల్లో పోసి రోడ్డు పక్కన అమ్మేది వద్దు. బండి నడిపేవాళ్ళు అసలు ముట్టుకోవద్దు.

జలపాతాల్లో జలతరంగిణి చింతూరు రోడ్డులో రోడ్డుకి దగ్గరే, పెద్దవాళ్ళు కూడా చూడొచ్చు. అమృతధారకి అడవిలోకి దిగి నడవాలి, వెనక్కి ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, చెప్పులు కాకుండా పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. సోకులేరు వాగు దగ్గర పిల్లలు నీళ్ళలో ఆడుకుంటారు, అయితే ఎండాకాలపు వాగు వేరు, వాన పడ్డ రోజు వాగు వేరు. మనం నిలబడ్డ చోట ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన పడితే నీళ్ళు ఒక్కసారిగా వచ్చేస్తాయి. 2024 సెప్టెంబరులో జలతరంగిణి దగ్గర సరదాగా దిగిన వైద్య విద్యార్థులు కొట్టుకుపోయారు, ముగ్గురు ప్రాణాలు పోయాయి. వాళ్ళ వయసు పిల్లలు మా ఇంట్లో ఉన్నారు, ఆ వార్త చదివిన రోజు అన్నం సయించలేదు. నీళ్ళు ఎర్రగా మారినా, ఆకులు పుల్లలు ఎక్కువగా కొట్టుకొస్తున్నా వెంటనే బయటికి వచ్చేయండి. వాన పడే రోజుల్లో అసలు దిగొద్దు.

రెండో రోజు గుడిసె అనే కొండకి. రాత్రి త్వరగా పడుకుని మూడింటికి లేవాలి. మన కార్లు ఆ కొండ ఎక్కవు, ముందు రోజు సాయంత్రమే లోకల్ జీపు మాట్లాడుకోండి, డ్రైవరుకి ఆ దారి ప్రతి మలుపూ తెలుసు కాబట్టి ఆయన చెప్పినట్టు వినండి. పుల్లంగి మీదుగా కుదుపుల్లో పైకి చేరేసరికి చెట్లు అయిపోయి ఒట్టి గడ్డి కొండలు మొదలవుతాయి. సూర్యుడు రాకముందు కింద లోయ నిండా మంచు పాలు పొంగినట్టు ఉంటుంది. ఫ్లాస్కులో టీ పోయించుకుని వెళ్ళండి. పైన మంటలు వేయొద్దు, ఎండిన గడ్డి ఒక్క నిప్పురవ్వతో కొండంతా పోతుంది. కప్పులు, చిప్స్ కవర్లు మీ సంచిలోనే కిందికి తెచ్చుకోండి.

ఇంకొక మాట. ఇది కొండరెడ్లు, కోయలు ఉండే చోటు. 1882 అటవీ చట్టం వచ్చి పోడు వ్యవసాయానికి అడ్డుపడింది, అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడటం వెనక ఆ కడుపుమంట ఉంది. రంపచోడవరం పక్కన రంప అనే ఊరు ఉంది, రంప పితూరీకి, అంటే ఆ తిరుగుబాటుకి, ఆ పేరు ఈ సీమ నుంచే వచ్చింది, వెళ్ళేటప్పుడు అక్కడి జలపాతం దగ్గర కాసేపు ఆగి పిల్లలకి ఈ కథ చెప్పండి. సామలు, కొర్రలు వేసిన పోడు చేలల్లోకి ఫోటోల కోసం దిగొద్దు, అది వాళ్ళ తిండి. వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ళని అడగకుండా ఫోటో తీయొద్దు. బేరం కూడా మరీ పిండొద్దు, కొండచీపురు కట్టకి పది రూపాయలు తగ్గిస్తే మనకి ఒరిగేది లేదు.

తిరిగి వచ్చేటప్పుడు మాత్రం పాత దారి పట్టండి. రాజమండ్రి నుంచి ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా రావులపాలెం వస్తుంటే దారిలోనే ఆత్రేయపురం తగులుతుంది. అక్కడి పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పంచదారవి కాకుండా బెల్లం, నెయ్యి వేసినవి అడగండి, వీలైతే బోర్లించిన కుండ మీద రేకు తీసే చోట ఆగి పిల్లలకి చూపించండి. అట్టపెట్టెని కారులో అన్నిటికంటే పైన పెట్టండి, తణుకు దాటేలోపు ఎవరో ఒకరు దాని మీద చెయ్యి వేస్తే బెజవాడ చేరేసరికి పొడి మిగులుతుంది.