బోరు నీళ్లు వానవా, చెరువువా? ఐసోటోపుల కోసం వాన నీరు పట్టే పద్ధతి

చెరువు నీరు ఎండకు ఆవిరవుతుంటే తేలికైన అణువులు ముందు లేచిపోతాయి. ఆక్సిజన్-18 (బరువైన ఆక్సిజన్), డ్యూటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న బరువైన అణువులు వెనక మిగులుతాయి. ఒకే మూలకానికి ఇలా బరువులో తేడా ఉన్న రూపాలనే ఐసోటోపులు అంటారు. బోర్లలోకి వాన నేరుగా ఇంకిందా, చెరువు నుంచి చేరిందా అన్నది ఆ తేడాతోనే తేలుతుంది. కాబట్టి వాన పట్టే సీసాలో ఆవిరి అసలు పోకూడదు. పోయిందంటే ఆ వాన కూడా చెరువు నీరులాగే కనిపిస్తుంది.

11.3 సెంటీమీటర్ల వ్యాసమున్న గరాటు తీసుకోండి. దాని నోరు 100 చదరపు సెంటీమీటర్లు, అంటే 1 మిల్లీమీటరు వానకు 10 మిల్లీలీటర్లు పడతాయి. కోస్తాలో తుపాను నెలలో 400 మిల్లీమీటర్లు పడవచ్చు, అందుకని 5 లీటర్ల గట్టి ప్లాస్టిక్ క్యాను పెట్టండి. గరాటు నుంచి సన్నని గొట్టం క్యాను అడుగుకు తగిలేలా దించాలి. కొద్దిపాటి వానకే దాని కొన నీటిలో మునిగి, ఆవిరికి ఆ దారి మూసుకుపోతుంది. లోపలి గాలి బయటికి పోవడానికి మూతలో ఇంకో సన్నని గొట్టం బిగించండి. అది పొట్టిగా ఉంటే ఆవిరి దాంట్లోంచే పోతుంది. చాలా మీటర్ల పొడవు గొట్టాన్ని చుట్టగా చుట్టి పెట్టండి. మూత చుట్టూ సందు ఉండకూడదు. క్యానును తెల్ల రంగు వేసిన పెట్టెలో ఉంచండి.

నీటిపై అర సెంటీమీటరు పారఫిన్ నూనె పోయడం పాత పద్ధతి. అదీ పనిచేస్తుంది. కానీ నమూనాలో నూనె చుక్క మిగిలితే ఐసోటోపులను కొలిచే లేజర్ యంత్రం చెడుతుంది. గొట్టమే మేలు.

చెట్టయినా గోడయినా దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో పెట్టండి. పక్కనే వర్షమానిని తప్పనిసరి, రోజూ ఉదయం 8.30కి చూసి రాయండి.

నెల చివర క్యానులోని నీటిని ముందు కొలవండి. వర్షమానిని 180 మిల్లీమీటర్లు చూపితే 1,800 మిల్లీలీటర్లు ఉండాలి. 1,500 మాత్రమే ఉంటే ఎక్కడో కారింది లేదా ఆవిరైంది. ఆ నమూనాపై గుర్తు పెట్టండి. తర్వాత బాగా కలిపి 50 మిల్లీలీటర్ల సీసాను గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపండి. మూత గట్టిగా బిగించి టేపు చుట్టి, చోటు, తేదీలు, వాన మొత్తం రాయండి. ఆమ్లం కలపనక్కర్లేదు. నీళ్లు తక్కువ పడ్డ నెలలో చిన్న సీసా వాడండి, పెద్దది సగం నింపొద్దు. క్యాను తుడిచి ఆరబెట్టకపోతే పాత నీరు వచ్చే నెల లెక్కలో కలుస్తుంది.

ల్యాబు ఫలితాల్లో ప్రతి విలువా ప్రామాణిక సముద్రపు నీటితో పోలిస్తే వెయ్యికి ఎంత తేడానో చెబుతుంది. అవి రాగానే డ్యూటీరియం విలువలోంచి ఆక్సిజన్-18 విలువకు 8 రెట్లు తీసేయండి. ప్రపంచ వానలకు ఇది సగటున 10 దగ్గర ఉంటుంది. బాగా తగ్గితే వెంటనే పారేయకండి. వేసవి చిరుజల్లు గాలిలోనే కొంత ఆవిరవుతుంది. క్యాను కొలత సరిపోతే ఆ విలువ నిజమే అనుకోవచ్చు.

ఏడాది సగటుకు ప్రతి నెల విలువనూ ఆ నెల వానతో గుణించి, అన్నీ కూడి, మొత్తం వానతో భాగించాలి. జూలై వానకూ మార్చి జల్లుకూ ఒకే తూకం ఇవ్వకూడదు. ఇక ఆక్సిజన్-18 విలువ వానలో వెయ్యికి -4, చెరువు +1, బోరు -2.5 అనుకుందాం. వానకూ బోరుకూ తేడా 1.5, వానకూ చెరువుకూ 5. అంటే బోరు నీటిలో 30 శాతం చెరువుది. చెరువు విలువ మాత్రం వేసవి ముదిరేకొద్దీ పెరుగుతుంది, దాన్నీ నెలనెలా పట్టాలి.