చదవడం నేర్చుకుందాం – 3: పూర్ణమ్మ కథలో బంగారం

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. గురజాడ ‘దిద్దుబాటు’ చదివి, ఆ కథ ఏమంటోందో ఒక్క వాక్యంలో రాయమన్నాను. ఒక్క మాటలో కాదు, వాక్యంలోనే. ‘భోగంమేళాల మోజు’ అని రాసి ఊరుకుంటే అది వస్తువు. కథ దేని గురించో చెప్పారంతే. ‘దారితప్పిన మొగుణ్ణి ఏడుపుతోనో తిట్లతోనో కాక, చిన్న నాటకమాడి కూడా దారికి తేవచ్చు’ అని రాశారనుకోండి, ఎవరైనా మీతో వాదం పెట్టుకోవచ్చు. వాదానికి వీలిచ్చే వాక్యం రాశారంటే కథ లోపలికి అడుగుపెట్టినట్టే. రాయనివాళ్ళు ఇది చదివే ముందు రాసేయండి, పది నిమిషాల పని.

ఈసారి ప్రతీక. పరీక్షల గైడ్లలో దీనికో పట్టిక ఉంటుంది: దీపం అంటే జ్ఞానం, తామర అంటే పవిత్రత, ఎరుపు అంటే విప్లవం. మార్కులకు పనికొస్తుంది కానీ చదువుకు అడ్డం. ఒక వస్తువుకు అర్థం నిఘంటువులోంచి రాదు, ఆ రచనలో అది ఎన్నిసార్లు వచ్చింది, ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయింది, మొదట కనిపించినప్పటికీ చివర కనిపించినప్పటికీ ఏం మారింది అన్నవాటిలోంచి వస్తుంది. మనం చెయ్యాల్సిందల్లా దాని వెంట పడటం.

గురజాడదే ‘పూర్ణమ్మ’ తీసుకుందాం. చిన్నప్పుడు బళ్ళో చదివినవాళ్ళు చాలామందే ఉంటారు. ముందు ఒకసారి పైకి చదవండి, తర్వాత పెన్సిల్ పట్టుకోండి. పైకి ఎందుకంటే, ఇది కూర్చోబెట్టి కథ చెబుతున్నట్టు సాగే పాట. వింటే గాని ఏ మాట తిరిగి తిరిగి వస్తోందో తెలీదు.

కథ మీకు తెలిసిందే. కొండల నడుమ కోన, కోన నడుమ కొలను, కొలని గట్టున దుర్గ గుడి. పూజారి కూతురు పూర్ణమ్మ రోజూ దుర్గకు పూలు కోసి ఇస్తుంది. డబ్బుకు ఆశపడి తల్లిదండ్రులు ఆ పిల్లను ఒక ముసలివాడికి కట్టబెడతారు. కొన్నాళ్ళకు కాపరానికి తీసుకుపోవడానికి అతను వస్తాడు. ఆ పిల్ల అందరి దగ్గరా సెలవు తీసుకుని దుర్గ గుడికి వెళుతుంది. మళ్ళీ రాదు.

ఇప్పుడు ‘బంగారం’ అన్న అర్థం వచ్చే ప్రతి మాట కిందా గీత గీయండి. మొదటి పంక్తిలోనే దొరుకుతుంది, ‘మేలిమి బంగరు మెలతల్లారా’ అని. ఇది పూర్ణమ్మ గురించి కాదు, కథ వినడానికి కూర్చున్న ఆడపిల్లల్ని పిలవడం. తర్వాత ‘బంగరు దుర్గమ్మ’. ఆ తర్వాత పాట పొడుగునా ‘పుత్తడి బొమ్మా పూర్ణమ్మా’. ఇక్కడిదాకా బంగారం అంటే మురిపెం, ముద్దు. మనమూ ఇళ్ళల్లో ‘మా బంగారు తల్లి’ అంటూనే ఉంటాం కదా.

అప్పుడు ఈ చరణం వస్తుంది:

కాసుకు లోనై తల్లీ తండ్రీ
నెనరూ న్యాయం విడనాడి
పుత్తడి బొమ్మను పూర్ణమ్మను వొక
ముదుసలి మొగుడుకు ముడివేస్రీ!

(నెనరు అంటే ప్రేమ.) మాట మారలేదు, అదే ‘పుత్తడి బొమ్మ’. కానీ పైపంక్తిలో ‘కాసు’ వచ్చి కూర్చుంది. కాసు పక్కన పెట్టాక పుత్తడి ముద్దుమాటగా మిగలదు, దానికి తూకం, ధర వస్తాయి. ‘బొమ్మ’ కూడా అంతే. అంతకుముందు అందమైన పిల్ల అనిపించిన మాటకు ఇప్పుడు అమ్మదగ్గ వస్తువు అనే అర్థం అంటుకుంది. కవి ఎక్కడా ‘ఆడపిల్లను సరుకు చేశారు’ అని ఉపన్యాసం ఇవ్వలేదు. ముద్దుగా పిలిచిన పేరే ధరగా మారడం మన కళ్ళముందే జరిగేలా చేశాడు. ప్రతీక పనిచేయడం అంటే ఇదే. ఇక్కడ అమ్మినవాడు పూజారి అన్నది కూడా మర్చిపోకండి. రోజూ బంగారు దుర్గ ముందు నిలబడే ఇంట్లోనే ఈ బేరం కుదిరింది.

ఇప్పుడు చివరి చరణానికి రండి:

కన్నుల కాంతులు కలువల జేరెను
మేలిమి జేరెను మేని పసల్
హంసల జేరెను నడకల బెడగులు
దుర్గను జేరెను పూర్ణమ్మ

‘మేలిమి’ మళ్ళీ వచ్చింది. ఒంటి మెరుపు తిరిగి మేలిమిలో కలిసిపోయింది. కాసు పోసి కొన్నవాడికి చిన్నమెత్తు బంగారం కూడా మిగల్లేదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడికే పోయింది. సరే, ఇంకో పని చేయండి. ఈ నాలుగు పంక్తుల పక్కన పాట మొదటి రెండు పంక్తులు పెట్టి చూడండి: ‘మేలిమి బంగరు మెలతల్లారా! కలువల కన్నుల కన్నెల్లారా!’ మేలిమి, కలువ. పూర్ణమ్మ పోతూ వదిలేసినవేవో, కథ వింటున్న పిల్లల ఒంట్లో ఉన్నవీ అవే. అంటే వింటున్న ప్రతి పిల్లా పూర్ణమ్మే కావచ్చు. ఒకసారి చదివితే ఇది దొరకదు. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికొస్తేనే దొరుకుతుంది. అందుకే పాఠం పాఠంలోనూ ‘రెండోసారి చదవండి’ అని నస పెడుతున్నాను.

పూల దారి కూడా ఇలాంటిదే, కొంచెం సన్నం. ‘ఏ యే వేళల పూసే పువ్వుల / ఆ యా వేళల అందించి’ పూర్ణమ్మ దుర్గను కొలుస్తుంది. పూలకు వేళ, పళ్ళకు రుతువు. ప్రకృతిలో దేని కాలం దానికుంది. అలా చెప్పిన కాసేపటికే ఈ పిల్లను తాత వయసువాడికి కట్టబెట్టారు. ఆమని వస్తుంది, కొలనులో తామరలు కలకల నవ్వుతాయి, మొగుణ్ణి చూసిన నిమిషంలోనే పిల్ల ముఖంలో నవ్వు మాయమవుతుంది. వేళ తప్పింది ఎక్కడో ఎవరూ వేలు పెట్టి చూపించక్కర్లేదు. రోజూ దుర్గకు చేరేవి పూలు, చివరికి దుర్గకు చేరింది పూర్ణమ్మ.

ఆగండి, ఇదే ఊపులో చిలకల మీద పడకండి. ఆమని వేళ కీరములు కిలకిల పలికాయని ఒక పంక్తి ఉంది. చిలక మన్మథుడి వాహనం కాబట్టి ఇక్కడ కామం సూచితం అని రాసేవాళ్ళుంటారు. నాకు నమ్మకం లేదు. ఆ పంక్తి తీసేసి చదివి చూడండి, వసంతం కాస్త చిన్నబోతుంది గాని కథ మీద గీతైనా పడదు. బంగారాన్ని తీసేస్తే పాటే కూలుతుంది. తీసి చూడటమే పరీక్ష.

ఇంకొకటి గమనించారా? పూర్ణమ్మ కొలనులో దూకిందని కవి ఎక్కడా అనలేదు. కొలను ఎక్కడుందో మొదట్లో చెప్పి ఊరుకున్నాడు, మిగతాది మనకు వదిలేశాడు. ఈ మౌనం వల్ల రెండు రకాల చదువులు పుడతాయి. ఆత్మహత్య అని ఒకటి, అమ్మవారిలో ఐక్యమైందని ఇంకోటి. రెండోది వినడానికి హాయిగా ఉంటుంది, అదే దాంతో చిక్కు. చావు భక్తి కింద మారిపోయి పెద్దవాళ్ళ తప్పు మరుగునపడుతుంది. నా లెక్కలో ఆ చదువు నిలబడదు. ‘నెనరూ న్యాయం విడనాడి’ అన్న పంక్తిలో ప్రతీక లేదు, అలంకారం లేదు, సూటిగా తీర్పు ఉంది. కవి సూటిగా అన్నమాటను మనం ఊహించుకున్న ప్రతీక కొట్టేయకూడదు. రెండూ ఢీకొంటే సూటి మాటకే ఓటు.

కాలం సంగతి కూడా కొంచెం తెలిసుండాలి, లేకపోతే ఇదంతా కవి ఊహ అనుకుంటాం. ‘కన్యాశుల్కం’ 1897 ముద్రణకు రాసిన ఇంగ్లీషు ముందుమాటలో గురజాడ కొన్ని లెక్కలిచ్చాడు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జాబితాకెక్కిన శుల్కం పెళ్ళిళ్ళు, అంటే పిల్లకు డబ్బు పుచ్చుకుని చేసినవి, 1034. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ లెక్కలు చదివి పాటకు తిరిగొస్తే ‘పుత్తడి బొమ్మ’ గొంతులో అడ్డం పడుతుంది.

ఇంత చూశాక పాట ఏమంటోందో ఒక్క వాక్యంలో రాయాలి. నా వాక్యం: ‘ఆడపిల్లను బంగారమని మురిసే ఇంట్లోనే ఆమెకు ధర కట్టడం మొదలవుతుంది.’ మీకు వేరేలా తోస్తే వేరేలా రాయండి, కాకపోతే ఏ పంక్తి చూసి అన్నారో పక్కనే రాసుకోండి. పంక్తి చూపించలేని వాక్యం ఎంత అందంగా ఉన్నా కొట్టేయాల్సిందే.

ఇక ఈసారి పని. ఒకటి, ‘కన్యాశుల్కం’లో మధురవాణి కంటె, అదే మెడలో వేసుకునే బంగారు నగ. 1909 ప్రతి తీసుకోండి, మనకు అలవాటైన నాటకం అదే. రామప్ప పంతులు ఆ కంటెను లుబ్ధావధాన్లు పెళ్ళికూతురి మెడలో వేయడానికి పట్టుకెళ్తాడు. పెళ్ళికూతురేమో ఆడవేషం వేసిన మగపిల్లాడు. ఆ కంటె ఎప్పుడెప్పుడు ఎవరి దగ్గరుందో కాగితం మీద వరసగా రాయండి. ఇదీ బంగారమే, ఇదీ శుల్కం పెళ్ళి కథే, కానీ ఇక్కడ మనకు నవ్వొస్తుంది. ఎందుకొస్తుందో రెండు వాక్యాలు చాలు.

రెండోది ‘దిద్దుబాటు’ మీదే. ఆ కథ ‘తలుపు! తలుపు!’ అన్న పిలుపుతో మొదలవుతుంది. ఆ తలుపు ప్రతీకా, వట్టి తలుపా? పైన చెప్పిన పరీక్ష పెట్టి చూడండి. ఏది తేలినా ఫర్వాలేదు, పంక్తి చూపించండి చాలు. వచ్చే పాఠం అక్కణ్ణుంచే మొదలుపెడతాను.